చేయి కన్నును అందుకొనువరకు

పాపికొండల ఇరుకు దాటి గోదావరి మైదానమును చేరుచోట, కుడి గట్టున పోలవరమున్నది. అంతవరకు రెండు వైపుల కొండలు ఒత్తిపట్టగా లోతుగా సాగి వచ్చిన నది ఇచట వెడల్పై నడక మార్చును. కొంత దిగువన పట్టిసమునందు వీరభద్రస్వామి కొలువైన కొండను ఇరువైపుల చుట్టి, రాజమహేంద్రవరము మీదుగా ధవళేశ్వరము చేరి, అక్కడినుండి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి సముద్రమున కలియును. నాసికకు చేరువనున్న త్ర్యంబకము మొదలుకొని 1,465 కిలోమీటర్ల ప్రయాణములో ఆ నది మోసి తెచ్చిన ఒండ్రే గోదావరి డెల్టాలోని వరిపొలము, కొబ్బరితోట. ఒక ఏటి వరద మిగిల్చి పోవు ఒండ్రు మిక్కిలి పలుచని పొర. దానిని చేత పట్టి చూచినవాడు ఇది ఒకనాటికి పంటభూమి యగునని నమ్మలేడు. అట్లని నది ఏ యేటి ఒండ్రునూ తక్కువైనదని వెనుకకు తీసికొని పోలేదు.

కళాసాధన చేయువారికి ఈ సంగతి చెప్పుట సులభము, నమ్మించుట కష్టము. చిత్రలేఖనము మొదలుపెట్టిన బాలుడు పదవ బొమ్మ దగ్గర నిరాశపడును. పద్యము వ్రాయబూనిన యువకుడు యతి కుదిరినచోట భావము చెడినదని, భావము నిలిచినచోట యతి తప్పినదని కాగితము చింపివేయును. వీణ పట్టిన బాలిక ఆరు మాసములు గడిచినను తన చేతిలో పలుకునది చెక్క మాత్రమే యని కన్నీరు పెట్టుకొనును. వీరెవరును సోమరులు కారు. పనియందు ఓర్పు గలవారే. ఇతరుల తప్పులను మన్నించునంత ఓర్పు కూడ గలవారే. వీరికి లేనిది ఒక్కటే: తమ యెడల తమకు ఓర్పు.

తెలుగునాట పెద్దలు పిల్లలకు చెప్పు మాటలు రెండున్నవి. ‘ఆలస్యం అమృతం విషం’ అన్నది ఒకటి. ‘నిదానమే ప్రధానం’ అన్నది మరియొకటి. వినుటకు ఇవి ఒకదానితో నొకటి కలహించునట్లుండును. ఏది పాటింపవలెనో తెలియక విద్యార్థి తికమకపడును. వాస్తవమున ఈ రెండు మాటలు ఒకే దారిలోని రెండు మలుపుల వద్ద నిలిపిన రెండు గుర్తులు. పని మొదలుపెట్టుటలో ఆలస్యము కూడదు. ఫలము నడుగుటలో తొందర కూడదు. అనేకులు దీనిని తలక్రిందులు చేసికొందురు. మొదలుపెట్టుటను రేపటికి వాయిదా వేసి, మొదలుపెట్టిన మరునాడే ఫలము కొరకు చేయి చాతురు.

కన్ను ముందు, చేయి వెనుక

పోలవరపు బడిలో ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక రేవులో కట్టివేసిన పడవను గీయబూనినదని అనుకొనవచ్చును. మొదటి దినమున ఆమె గీచిన పడవ పక్కకు ఒరిగి, నీటికి జానెడు ఎత్తున తేలుచుండును. ఆ సంగతి ఆమెకు తెలియదు. బొమ్మను ఇంటిల్లిపాదికి చూపి సంతోషించును. నెల దినములు ప్రతి సాయంకాలము గీచిన పిదప ఆమె తన బొమ్మను చూచి ముఖము చిట్లించును. పడవ అడుగు నీటిని తాకుచోట గీత తప్పినదని, నీటిలోని నీడ పడవకంటె పొడవైనదని, కొయ్యకు కట్టిన మోకు బరువు లేక గాలిలో నిలిచినదని ఆమెకు కనిపించును. ‘నెల దినములు గీచినను నాకు రాలేదు’ అని ఆమె పుస్తకము మూసివేయును.

జరిగినదేమన, ఆ నెలలో ఆమె చేయి కొంత నేర్చినది. కన్ను అంతకంటె ఎక్కువ నేర్చినది. మొదటి దినమున కనిపించని తప్పు నేడు కనిపించుచున్నదన్నచో అది వెనుకబాటు కాదు. కన్ను ఎప్పుడును చేతికంటె ముందు నడచును. చూచుటకు క్షణము చాలును. చేయుటకు వ్రేళ్ళు, మణికట్టు, ఊపిరి, మనస్సు అన్నియు ఒక్క త్రాటిపై నడువవలెను. ఈ రెండింటికి నడుమనున్న ఎడమే సాధకుని బాధ. ఆ ఎడము పూర్తిగా పూడిన దినమున కళాకారునికి ఎదుగుదల కూడ ఆగిపోవును. కనుక అసంతృప్తిని శత్రువుగా చూడరాదు. అది కన్ను పంపిన కబురు. కబురు తెచ్చినవానిని తిట్టి పంపివేసిన యింటికి మరల కబురు రాదు.

ఈ కాలపు పిల్లలకు ఈ బాధ మునుపటికంటె ఎక్కువ. పూర్వము గ్రామములోని పిల్లవాడు తన బొమ్మను తోటి పిల్లవాని బొమ్మతో పోల్చుకొనెడివాడు. నేడు చేతిలోని ఫోను తెరచినంతనే ప్రపంచములోని మేటి చిత్రకారులందరు వరుసగా వచ్చి నిలుతురు. వారు పారవేసిన కాగితములు మాత్రము ఆ తెరపై కనిపించవు. పూర్తియైన పనిని చూచి, పూర్తికాని తన పనిని దానిప్రక్కన నిలిపి తీర్పు చెప్పుకొనుట న్యాయము కాదు.

ఆశువు వెనుక ఏండ్లు

పోలవరము పేరు తెలుగు సాహిత్య చరిత్రలో మరియొక విధముగ నిలిచినది. 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో పోలవరము జమీందారు కొచ్చెర్లకోట రామచంద్ర వేంకటకృష్ణారావుగారు ‘సరస్వతి’ యను సాహిత్య పత్రికను నడిపించినారు. వారి ఆదరణ పొందిన కవులలో ముఖ్యులు తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) అను ఆ జంట పేరు చెప్పగనే తెలుగువారికి స్ఫురించునది అవధానము.

శతావధానమున నూరుగురు పృచ్ఛకులు నూరు విధములైన ప్రశ్నలను, సమస్యలను ఇత్తురు. కవి ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చొప్పున చెప్పుచు ఆవృత్తి తరువాత ఆవృత్తిగా పద్యములను పూర్తిచేయును. చివరకు ఆ పద్యములన్నిటిని కాగితము చూడక వరుసగా అప్పగించును. సభలో కూర్చున్నవానికి ఇది మెరుపువలె తోచును. ‘తడుముకొనుట లేదు, కొట్టివేత లేదు, సరస్వతి నాలుకపై నిలిచినది’ అని ప్రేక్షకుడు ఇంటికి పోవును. ఆ ప్రేక్షకుడు విద్యార్థియైనచో మరునాడు తన పద్యమును రెండు గంటలు తడుముకొని, తనకు కవిత్వము రాదని తేల్చుకొనును.

ఆ కవులు ఇరువురును చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి సన్నిధిని వ్యాకరణము చదివినవారు. సూత్రము వల్లించుట, ఉదాహరణము వెదకుట, కావ్యమును ప్రతిపదార్థముతో చదువుట, చదివినదానిని కంఠస్థము చేయుట — ఈ చదువున మెరుపు ఎక్కడను లేదు. తెల్లవారుజామున లేచి నిన్నటి పాఠమును మరల చదువుటయే ఉన్నది. సభలో క్షణములో దొరకిన పదము ఏండ్ల క్రిందట ఒక ఉదయమున దాచుకొన్న పదము. ఆశువుగా చెప్పిన పద్యము వేగముగా పుట్టినది కాదు; ముందుగానే నిదానముగా సిద్ధపడి, అవసరమైనపుడు వేగముగా బయటకు వచ్చినది.

చెళ్ళపిళ్ళవారు తరువాత బందరు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పని చేసినారు. విశ్వనాథ సత్యనారాయణగారు అక్కడ వారి శిష్యులు. నూరుగురి నడుమ పద్యములు చెప్పిన కవి, ఒక్క బాలుడు ఒక్క పద్యమును తిన్నగా చదువువరకు తరగతిగదిలో వేచియుండెడి ఉపాధ్యాయుడు కూడ అయినాడు. ఉపాధ్యాయులు తలపోయవలసిన విషయమిది.

ఇరువదియెనిమిది నిండని జీవితము

ఓర్పు వహింపుమన్నచో దీర్ఘాయువు గలవారికే చెల్లునని కొందరు వాదింతురు. కాలము తక్కువైనవాడు తొందరపడక యేమి చేయును? ఈ ప్రశ్నకు సమాధానము రాజమహేంద్రవరములోనే దొరకును.

దామెర్ల రామారావుగారు 1897 మార్చి 8న జన్మించి, 1925 ఫిబ్రవరి 6న మశూచికముచే మరణించినారు. ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. బాల్యముననే ఆయనకు బొమ్మలపై మక్కువ. ఆ మక్కువకు దారి చూపినవారు రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు 1909 నుండి 1919 వరకు ప్రధానాచార్యులుగా నున్న ఆస్వాల్డ్ కూల్డ్రే. ఈ ఆంగ్లేయుడు స్వయముగా చిత్రకారుడు, రచయిత. ఆయన చేరదీసిన యువకులలో అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు వంటివారు కూడ ఉన్నారు. కూల్డ్రే ప్రోత్సాహముతో రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరి, 1920 వరకు అక్కడ శిక్షణ పొందినారు. తిరిగి వచ్చి రాజమహేంద్రవరములో చిత్రకళాశాలను నెలకొల్పి, తాను నేర్చినదానిని ఇతరులకు నేర్పసాగినారు. భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడ ఆ బృందములో కుంచె పట్టినవారే.

ఆ స్వల్పజీవితమున రామారావు విడిచిపోయినవానిని లెక్కించిన యెడల ఆశ్చర్యము కలుగును. తైలవర్ణ చిత్రములు ముప్పదికి పైన. నీటిరంగుల చిత్రములు నూటికి పైన. పెన్సిలు చిత్రములు రెండు వందలకు పైన. అవిగాక రెండు డజన్లకు మించిన స్కెచ్చి పుస్తకములు. ఈ లెక్కలోని వరుసను గమనింపవలెను. గోడకు వ్రేలాడదీసిన పెద్ద పటములు అన్నిటికంటె తక్కువ. ఎవరికిని చూపనక్కరలేని పుస్తకములలోని గీతలు అన్నిటికంటె ఎక్కువ. నిలుచున్న మనిషి భుజము, నీళ్ళు మోయు స్త్రీ నడుము, ఎద్దు మెడ వంపు వంటివానిని మరల మరల పట్టుకొననిదే ఒక పెద్ద పటములోని ఒక్క మూర్తియైనను తిన్నగా నిలువదు.

తూర్పు కనుమల నడుమ గోదావరి ఆయన చిత్రించిన ప్రకృతి దృశ్యములలో ఒకటి. పోలవరమునకు ఎగువనున్న ఆ కొండల రంగు ఉదయమున ఒకటి, మధ్యాహ్నమున ఒకటి. వానకాలపు నీరు ఎరుపు, చలికాలపు నీరు నీలము. ఒక్కసారి చూచి పట్టుకొనుటకు వీలగునది కాదది. ఆ కొండల ముఖద్వారమున నేడు పోలవరము ప్రాజెక్టు కట్టడము లేచినది. 2021 జూన్‌లో నదీప్రవాహమును దాని స్పిల్‌వే వైపునకు మళ్ళించినారు. అందువలన నూరేండ్ల క్రిందట ఓపికగా చూచిన ఒక కంటి సాక్ష్యమునకు నేడు చరిత్ర విలువ కూడ చేకూరినది. గీచిననాడు ఆ విలువ గీచినవానికి తెలిసియుండదు.

కాలము తక్కువైనవానికి ఓర్పు పనికిరాదను వాదము ఇచట నిలువదు. ఓర్పనగా దినములు లెక్కపెట్టుచు కూర్చుండుట కాదు. నేటి గీతను రేపటి కీర్తి కొరకు తొందరపెట్టకుండుట. అట్టి ఓర్పునకు ఇరువదేడేండ్లును చాలును, ఎనుబదేండ్లును చాలును. రామారావు మరణించిన తరువాత ఆయన మిత్రుడు వరదా వేంకటరత్నముగారు చిత్రకళాశాల భారమును వహించి, ఎందరో శిష్యులను తీర్చిదిద్దినారు. రామారావు పేరిట వెలసిన చిత్రశాల రాజమహేంద్రవరమునందే యున్నది. ఒక్కని చేతిలో ఆగిపోయిన పని పలువురి చేతులలో సాగినది.

ఆ ఊరికి ఇట్టి సంప్రదాయము క్రొత్త కాదు. 11వ శతాబ్దమున రాజరాజ నరేంద్రుని కొలువులో నన్నయ మొదలుపెట్టిన భారతము అరణ్యపర్వము నడుమ ఆగినది. 13వ శతాబ్దమున తిక్కన విరాటపర్వము నుండి మొదలుపెట్టి తుదివరకు సాగించినాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషమును 14వ శతాబ్దమున ఎఱ్ఱన పూరించినాడు. పూర్తిచేయలేకపోయినాడని నన్నయను ఎవరును తక్కువ చేయలేదు, ఆదికవి యన్నారు. మొదలుపెట్టిన పని తన చేతిమీదుగానే ముగియవలెనను పంతము లేనివానికి మొదలుపెట్టుటకు భయముండదు.

మెట్లున్న కళ, మెట్లు లేని కళ

కర్ణాటక సంగీతమును నేర్చుకొను పిల్లవానికి ఒక సౌకర్యమున్నది. మాయామాళవగౌళ రాగమున సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారములు. పిమ్మట గీతములు, స్వరజతులు, వర్ణములు. ఆ తరువాతనే కృతులు. ఒక్కొక్క వరుసను మూడు కాలములలో పాడవలెను. ఈ క్రమమును ఏర్పరచిన కీర్తిని పురందరదాసునకు ఇచ్చుట పరిపాటి. సరళీ వరుసలలోనున్న పిల్లవానిని త్యాగరాజ కృతి ఏల పాడలేదని ఎవరును అడుగరు. వాడును తన్ను తాను అడుగుకొనడు. ఓర్పు ఆ విద్యలోనే మెట్లుగా కట్టబడియున్నది.

కలంకారీ పనివానికి ఆ ఓర్పును వస్తువే నేర్పును. శ్రీకాళహస్తిలో బట్టను కరక్కాయతోను పాలతోను తడిపి ఆరబెట్టవలెను. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో వేసి వారముల తరబడి పులియబెట్టిననే నల్లరంగు సిద్ధమగును. రంగు తరువాత రంగు, ఉతుకు తరువాత ఉతుకు, ఎండ తరువాత ఎండ. పనివాడు ఎంత తొందరపడినను బెల్లపు నీరు తొందరపడదు.

కథ, కవిత, చిత్రము — వీనికి అట్టి మెట్లు లేవు. కాగితము, పెన్సిలు దొరికిన క్షణముననే పని మొదలుపెట్టవచ్చును. ఇది వీని సుగుణము. ఆపద కూడ ఇదియే. మొదటి కథను వ్రాసిన బాలుడు దానిని తాను చదివిన గొప్ప కథతో పోల్చుకొనును. వాని చేతిలో నున్నది సరళీ వరుస; వాడు పోల్చుకొనునది కచ్చేరితో. మెట్లు లేనిచోట మెట్లను తానే కట్టుకొనవలెను. ఒక నెలయంతయు ఒకే చెట్టును గీయుట, ఒక వారము సంభాషణలు మాత్రమే వ్రాయుట, ఒక పండుగనాటి వీధిని పది వాక్యములలో వర్ణించి మరునాడు ఐదు వాక్యములకు తగ్గించుట — ఇవి అట్టి మెట్లు. ఇవి గొప్ప రచనలు కానక్కరలేదు. సరళీ వరుసకు ఎవరును చప్పట్లు కొట్టరు; చప్పట్లు లేవని దానిని ఎవరును మానివేయరు.

సమతలముపై నిలిచిన రోజులు

సాధకుని మిక్కిలి వేధించునది అభివృద్ధి నిలిచిపోయినట్లు తోచు కాలము. మొదటి మూడు నెలలలో వేగముగా వచ్చిన విద్య నాలుగవ నెలలో కదలదు. ఎంత చేసినను నిన్నటివలెనే యుండును. పలువురు కళను విడిచిపెట్టునది ఇచటనే.

దామెర్ల పుట్టిన 1897వ సంవత్సరముననే అమెరికాలో విలియం లో బ్రయన్, నోబుల్ హార్టర్ అను ఇరువురు పరిశోధకులు తంతి సంకేతములు నేర్చుకొనువారిని పరీక్షించి తమ ఫలితములను ప్రకటించినారు. సంకేతములను విని వ్రాసికొనుటలో అభ్యాసకుల వేగము కొంతకాలము పెరిగి, పిమ్మట వారముల తరబడి ఒకే మట్టమున నిలిచి, తరువాత మరల ఒక్కసారిగా పైకి లేచినది. వేగమును గీతగా గీచిన యెడల నడుమ సమతలమైన మైదానము కనిపించును. వారు చెప్పిన కారణమిది: మొదట అభ్యాసకుడు ఒక్కొక్క అక్షరమును వినును, తరువాత పదమును పదముగా వినగలుగును, ఆపైన పదబంధమును వినును. అక్షరములు తలచుకొనకయే వచ్చువరకు పదములు పట్టుబడవు. ఆ మైదానముపై పైకి ఏమియు జరుగుట లేదు. లోపల పాత విద్య అలవాటుగా మారుచున్నది. ఇట్టి సమతలము ప్రతి విద్యలోను ప్రతివానికిని తప్పక కనిపించునది కాదని తరువాతి పరిశోధకులు చూపినారు. అయినను నిలిచినట్లు తోచిన కాలమెల్ల వ్యర్థము కాదను మాట నిలిచియున్నది.

చదువు నేర్చిన ప్రతివాడును ఈ మైదానమును ఒకసారి దాటినవాడే. గుణింతములు కూడబలుకుకొని చదివిన పిల్లవాడు ఏ దినమున పదమును పదముగా చదువసాగెనో ఎవరికిని గుర్తుండదు. ఆ పిల్లవాడు పెరిగి చిత్రమునో, వాయులీనమునో పట్టినపుడు మాత్రము తనకు అంత వ్యవధి నిచ్చుకొనడు.

వాయులీన విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారి (1893–1964) జీవితము ఇందుకు మంచి ఉదాహరణము. ఆయన చూపు మందము. బడిచదువు సాగలేదు. అన్నగారి వద్ద వాయులీనము నేర్చి, ఇంటిపట్టున ఏండ్ల తరబడి సాధన చేసినారు. ఆ కాలమున ఆయనకు పరీక్ష లేదు, పట్టము లేదు, ఎంతవరకు వచ్చినదని కొలిచి చెప్పు కొలబద్ద లేదు. 1919లో విజయనగరము సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరుటకు వెళ్ళగా, ఆయన వాదనమును విన్నవారు ఆయనను అక్కడనే ఆచార్యునిగా నియమించినారు. 1936లో ఆ కళాశాలకు ప్రధానాచార్యులైనారు. తాను ఎంత దూరము వచ్చినదియు ఆయనకే తెలియకుండెను. దీపము వెలుగు దీపమునకు కనిపించదు.

దూరదేశములలోను ఇట్టివారు కలరు. జపాను చిత్రకారుడు హొకుసాయి (1760–1849) తన డెబ్బదవ యేటికి ముందు గీచినదేదియు లెక్కకు రాదని 1834లో వెలువడిన ఫూజీ పర్వత చిత్రముల సంపుటి చివర వ్రాసికొన్నాడు. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్‌కు 1895లో తొలిసారిగా ప్రత్యేక ప్రదర్శన జరుగునప్పటికి ఏబదియారేండ్లు. తన యూరిచెంతనున్న ఒకే కొండను ఆయన దశాబ్దముల పాటు మరల మరల చిత్రించినాడు. ఒకే కొండను అన్నిసార్లు గీచినవాడు ఆ కొండ తనకు ఇంకను పూర్తిగా తెలియలేదని ఒప్పుకొన్నవాడు.

ఓర్పుకు, సోమరితనమునకు నడుమ గీత

తన యెడల ఓర్పు వహించుట యనగా తన్ను తాను బుజ్జగించుకొని కాలము గడుపుట యని కొందరి అనుమానము. ఉపాధ్యాయులలోను ఈ అనుమానమున్నది. మందలించనిదే పిల్లవాడు మేలుకొనడనియు, తన్ను తాను మందలించుకొనని కళాకారుడు చెడిపోవుననియు వారి భయము.

ఈ అనుమానమును పరీక్షించినవారున్నారు. 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ అను ఇరువురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొన్ని ప్రయోగములను ప్రకటించినారు. వానిలో ఒకదానియందు విద్యార్థులకు మొదట కఠినమైన పరీక్ష పెట్టినారు. తప్పినవారిలో కొందరికి, తమ పొరపాటును దయతో చూచుకొనునట్లు మాటలు చెప్పినారు. మరికొందరికి వారి ఆత్మగౌరవమును పెంచు మాటలు చెప్పినారు. తరువాతి పరీక్షకై ఎక్కువసేపు చదివినవారు మొదటి పక్షమువారు. తన తప్పును దయతో చూచుకొన్నవానికి ఆ తప్పును మరల ముట్టుకొనుటకు భయము లేకపోయినది.

ఓర్పునకు, సోమరితనమునకు భేదము తెలిసికొనుట కష్టము కాదు. సోమరి పని చేయక ఫలము కొరకు వేచియుండును. ఓర్పు గలవాడు ఫలము కొరకు వేచియుండక పని చేయును. నేడు పుస్తకము తెరచితినా లేదా యన్న ప్రశ్నకు సాధకుడు కఠినముగా జవాబు చెప్పుకొనవలెను. నేటి బొమ్మ ఎట్లు వచ్చినదను ప్రశ్నకు మెత్తగా జవాబు చెప్పుకొనవలెను. ఈ రెండు ప్రశ్నలను తారుమారు చేసికొన్నవానికి రెండు విధములను నష్టమే.

ఆపవలసిన దినములు కూడ ఉండును. జ్వరముతో కంఠసాధన చేయరాదు. కన్ను అలసినపుడు గీత వంకర పోవును. పొలమునకు కూడ ఒక పంటకు, మరియొక పంటకు నడుమ విరామమిత్తురు. ఆ విరామమును చూచి రైతు పొలమును విడిచిపోయినాడని ఎవరును అనుకొనరు. అయితే విరామమునకు ముందే తిరిగి వచ్చు దినమును నిర్ణయించుకొనుట మేలు. లేనియెడల విరామము పెరిగి విడుపుగా మారును.

గురువు చేతిలోనున్నది

పిల్లవానికి తన యెడల ఓర్పు తనంతట తాను రాదు. మొదట ఎవరో ఒకరు వాని యెడల ఓర్పు చూపవలెను. ఆ చూపినవాని గొంతే తరువాత వాని లోపల పలుకును. మొదటి పద్యమునకు ఎర్రసిరాతో పదునాలుగు తప్పులు చూపిన గురువు గొంతు ముప్పదేండ్ల తరువాత కూడ ఆ శిష్యుని చేతిని ఆపుచుండవచ్చును. పదునాలుగింటిలో నేటికి ఒక్కదానిని ఎన్నుకొని ‘దీనిని సరిచేసి రేపు తెమ్ము’ అన్న గురువు గొంతు కూడ అంతకాలమే పలుకును. తప్పులను దాచుమని కాదు దీని యర్థము, వరుసలో నిలుపుమని.

బడిలో ఇందుకు చేయదగినవి కొన్ని యున్నవి. వీనికి ఖర్చు లేదు. పిల్లల బొమ్మల పుస్తకమును ఏడాది చివర చిత్తుకాగితములలో వేయక దాచియుంచుట మొదటిది. ప్రతి బొమ్మ మూలను తేదీ వేయించుట రెండవది. ఆరు నెలలకొకసారి మొదటి పుటను, చివరి పుటను ప్రక్కప్రక్కన పెట్టి పిల్లవానినే చూడుమనుట మూడవది. ఒక పిల్లవాని బొమ్మను మరియొకని బొమ్మతో పోల్చినచో ఒకనికి గర్వము, మరియొకనికి దుఃఖము మిగులును. జూలైలోని బొమ్మను జనవరిలోని బొమ్మతో పోల్చినచో ఇరువురికిని ధైర్యము మిగులును.

నాలుగవది మరింత ముఖ్యమైనది. ఉపాధ్యాయుడు తాను కూడ పిల్లలయెదుట ఏదో ఒకటి నేర్చుకొనుచుండవలెను. చిత్రము రాని తెలుగు పండితుడు పిల్లలతోపాటు రేవునకు పోయి పడవను గీయవచ్చును. ఆయన పడవ ఒరిగినపుడు పిల్లలు నవ్వుదురు. ఆయన కూడ నవ్వి, పుట త్రిప్పి, మరల గీచినయెడల ఆ దినమున పిల్లలు నేర్చినది పడవ గీయుట మాత్రమే కాదు.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అను సామెతను పట్టుకొని, చిన్ననాట మొదలుపెట్టని కళ ఇక అబ్బదని వెనుకాడు పెద్దలు ఎందరో యున్నారు. వంగుటకు ఆ సామెత సరిపోవచ్చును; చిగుర్చుటకు సరిపోదు. ముదిరిన మాను కూడ ఏటేట చిగుర్చును. నలువదవయేట కుంచె పట్టిన ఉపాధ్యాయురాలికి పదేండ్ల పిల్లకంటె ఒక్క కష్టము ఎక్కువ: ఆమె కన్ను ఎన్నో మంచి బొమ్మలను చూచి ముదిరినది, చేయి మాత్రము నిన్ననే పుట్టినది. నిన్న పుట్టిన శిశువును నేడు నడువలేదని ఏ తల్లియు కొట్టదు. తన చేతికి కూడ ఆమె ఆ పాటి వ్యవధి నిచ్చిన చాలును. పుస్తకము, పెన్సిలు, దినమునకు అరగంట, పుట మూలను తేదీ — ఇంతకుమించి మొదటి సంవత్సరమునకు అక్కరలేదు. బొమ్మ బాగుగా వచ్చినదా లేదా యను తీర్పును రెండవ సంవత్సరమునకు వదలివేయవచ్చును.